తోజాయ్ లైను వెంట ఇంగ్లీషు పుస్తకాలు

టోక్యోలో తెలుగువాళ్లు ఎక్కడుంటారని అడిగితే ఎవరైనా ముందు నిషి కసాయ్ పేరే చెబుతారు. నగరానికి తూర్పు అంచున, ఎడొగావా వార్డులో ఉన్న పేట అది. 2000 సంవత్సరం దగ్గరపడుతున్నప్పుడు కంప్యూటర్లలో తేదీల లెక్క తారుమారవుతుందన్న భయంతో జపాన్ కంపెనీలు మన ఇంజనీర్లను పిలిపించుకున్నాయి. బ్యాంకులు, పెద్ద ఆఫీసులు ఉన్న ఓతెమాచికి ఇక్కడినుంచి రైలు మారకుండా వెళ్లొచ్చు, అద్దెలూ కాస్త అందుబాటులో ఉంటాయి. అలా వాళ్లు ఇక్కడ దిగారు, వాళ్ల వెనకే మిగతావాళ్లం వచ్చి చేరాం. ఇప్పుడు స్టేషన్ చుట్టుపక్కల కందిపప్పు, చింతపండు, ఆవకాయ సీసాలు అన్నీ దొరుకుతాయి. సంక్రాంతికీ ఉగాదికీ హాలు అద్దెకు తీసుకుని అందరం కలుస్తాం. తిండికీ పండగలకీ లోటు లేదు. పుస్తకం లేకపోతే నిద్రపట్టని మనిషికి మాత్రం ఇక్కడ మొదటి ఏడాది గడవడం కష్టం.

తెలుగు పుస్తకాలంటే పెట్టెలో మోసుకొచ్చినవే. నేను తిరిగిన ఏ షాపులోనూ ఒక్క తెలుగు అక్షరం కంటపడలేదు. తెచ్చుకున్న నాలుగూ చదివినవే మళ్లీ చదివి, ఏ పేజీలో ఏముందో నోటికొచ్చేసింది. జపనీస్ చదువుదామంటే అది ఒక నెలలోనో ఏడాదిలోనో అయ్యే పని కాదు. రోజువారీ వాడకానికి తెలిసి ఉండాలని ఇక్కడి ప్రభుత్వం 2010లో సవరించిన జాబితాలోనే 2,136 కంజీ అక్షరాలున్నాయి. అవి బడిపిల్లలు తొమ్మిదేళ్ల చదువులో నేర్చుకుంటూ పోతారు. ఆఫీసు పని చూసుకుంటూ ఆదివారాలు నేర్చుకునే నాలాంటివాళ్లకు రైలు స్టేషన్ల పేర్లు, మందుల చీటీలు చదవడమే పెద్ద సంబరం. ఇక మిగిలింది ఇంగ్లీషే.

ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చదువుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. చదువుతాను, కాదనను. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా తెర చూసి వచ్చిన కళ్లకు మళ్లీ తెరే చూపించడం నాకు చేతకాదు. అదీగాక, అక్కడ పేరు కొట్టి వెతికితేనే పుస్తకం వస్తుంది. పేరు తెలియని పుస్తకం చేతికి తగలాలంటే అరల ముందు నిలబడాలి, మెడ పక్కకు వంచి అట్టల వీపులు చదువుకుంటూ పోవాలి. ఊరుగాని ఊళ్లో నేను పోగొట్టుకున్నది ఆ నిలబడే చోటు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అలా నిలబడే నేను చదువరినయ్యాను.

వెతకడం మొదలుపెట్టాక తెలిసిన సంగతి ఏమిటంటే, మా ఇంటి ముందు నుంచి పోయే ఆకాశనీలం గీత రైలే నాకు కావలసిన చోట్లన్నిటికీ వెళుతుంది. తోజాయ్ లైను నిషి కసాయ్ దాటగానే అరకావా నది మీద వంతెన ఎక్కి, అవతలి ఒడ్డున భూమిలోకి దూరిపోతుంది. అక్కణ్నుంచి నిహొంబాషి, ఓతెమాచి, కుదాన్‌షిత, వసెదా. ఒక్కో స్టేషన్‌కూ ఒక్కో పుస్తకాల కథ ఉంది. పొద్దుటి పూట ఈ రైల్లో చదవడం మాత్రం కుదరదు. 2019 లెక్కల్లో కిబా, మొన్‌జెన్ నకాచో స్టేషన్ల మధ్య దీని రద్దీ 199 శాతం. అంటే రైలు పట్టాల్సినదానికి రెట్టింపు జనం. చేతులు పైకెత్తే జాగా కూడా ఉండదు. రాత్రి తొమ్మిది దాటాక సీటు దొరుకుతుంది. అప్పుడు చూస్తే ఎదుటి వరసలో ఇద్దరు ముగ్గురైనా చిన్న పుస్తకం తెరిచి ఉంటారు. ఇక్కడి బుంకో పుస్తకం కోటు జేబులో పట్టేంతే ఉంటుంది. పైన షాపువాళ్లు వేసిన కాగితం అట్ట ఉంటుంది కాబట్టి వాళ్లేం చదువుతున్నారో మనకు తెలియదు.

నిహొంబాషిలో మారుజెన్ ఉంది. విదేశీ పుస్తకం జపాన్‌లోకి వచ్చిన దారుల్లో ఇది ముఖ్యమైనది. హయాషి యూతెకి అనే వైద్యుడు 1869లో యొకొహామాలో ఈ వ్యాపారం పెట్టాడు. సంస్కర్త ఫుకుజావా యుకిచి దగ్గర చదువుకున్నవాడు. తలుపులు మూసుకుని బతికిన దేశం అప్పుడే బయటి లోకాన్ని చూస్తున్న రోజులవి. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం ఏది నేర్చుకోవాలన్నా ఐరోపా పుస్తకమే దిక్కు. 1897 నుంచి మారుజెన్ ఒక పత్రిక కూడా నడిపింది. ఓడలో ఏ పుస్తకాలొచ్చాయో అందులో చదువుకుని దూరపు ఊళ్లలోని పంతుళ్లు ఆర్డర్లు పంపేవాళ్లు. 1923 భూకంపంలో ఈ షాపు సర్వనాశనమైంది. తిరిగి నిలబడింది. ఈ రోజు పైన కఫేలో హయాషి రైస్ అనే వంటకం పెడతారు. ఆ పేరు షాపు పెట్టినాయనదేనని అంటారు. గొడ్డుమాంసం వంటకం కనుక నేను టీతోనే సరిపెట్టుకున్నాను.

అదే మారుజెన్‌కు ఓతెమాచి పక్కన, టోక్యో స్టేషన్ మారునోఉచి వైపు ఓఆజో భవనంలో ఇంకా పెద్ద షాపు ఉంది. నాలుగో అంతస్తులో విదేశీ పుస్తకాలు. ఆఫీసు అయ్యాక నా కాళ్లు వాటంతటవే అటు పోతాయి. కొత్త నవలలు, చరిత్ర, తత్త్వం, సైన్సు అన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు. ఎంతసేపు నిలబడి చదివినా ఎవరూ పల్లెత్తు మాట అనరు. కాకపోతే ధర చూడగానే చెయ్యి వెనక్కి వస్తుంది. మామూలు పేపర్‌బ్యాక్ రెండు వేల యెన్‌లకు అటూ ఇటూ ఉంటుంది. రూపాయల్లో చెప్పుకుంటే వెయ్యి పైమాటే. 2022 అక్టోబరులో డాలరు 150 యెన్‌లు దాటినప్పటినుంచి దిగుమతి పుస్తకం ఇంకా ప్రియమైంది. పైన పది శాతం వినియోగ పన్ను. కూరగాయలకు, దినపత్రిక చందాకు ఎనిమిది శాతమే వేసే ప్రభుత్వం పుస్తకానికి ఆ రాయితీ ఎందుకివ్వలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు తెలుసుకుంటే మేలు. జపనీస్ పుస్తకానికి ప్రచురణకర్త వేసిన ధరే దేశమంతటా చెల్లుతుంది. షాపువాడు తగ్గించడానికి వీల్లేదు. 1953లో పోటీ చట్టానికి చేసిన సవరణ నుంచి వచ్చిన కట్టుబాటు అది. దానివల్లే పల్లెటూరి చిన్న షాపు కూడా ఇన్నాళ్లు బతికిందని ఇక్కడివాళ్లు అంటారు. దిగుమతైన విదేశీ పుస్తకం ఈ కట్టుబాటు కిందికి రాదు. అందుకే పెద్ద షాపుల్లో అప్పుడప్పుడు విదేశీ పుస్తకాల బేరం అమ్మకాలు పెడతారు. లిఫ్టు పక్కన బల్లలేసి, సగం ధరకూ అంతకన్నా తక్కువకూ ఇచ్చేస్తారు. నేను మంచి చరిత్ర పుస్తకాలు చాలావరకు అలా కొన్నవే. ఓపిక పడితే చాలు.

ఓఆజోలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఇంగ్లీషులోకి వచ్చిన జపాన్ సాహిత్యం. ఈ ఊళ్లో ఏ షాపుకెళ్లినా విదేశీ పుస్తకాల విభాగంలో ముందు కనిపించేది అదే. లండన్, న్యూయార్క్ రచయితల కోసం వచ్చిన నేను సోసెకిని, తనిజాకిని, యొకో ఒగావాను పట్టుకుని ఇంటికెళ్లాను. సయాకా మురాతా ‘కన్వీనియన్స్ స్టోర్ ఉమన్’ జపనీస్‌లో 2016లో వచ్చింది, ఆ ఏడే అకుతాగవా బహుమతి తెచ్చుకుంది. 2018లో ఇంగ్లీషైంది. పద్దెనిమిదేళ్లుగా ఒకే కన్వీనియన్స్ స్టోర్‌లో పనిచేస్తున్న ఒంటరి మనిషి కథ. మా వీధి మలుపులో ఉన్న అలాంటి స్టోర్‌లో రోజూ పాలు, గుడ్లు కొంటూ ఆ పుస్తకం చదివాను. కౌంటరు వెనక అమ్మాయి చిల్లర లెక్కపెట్టే తీరు, లోపలికి అడుగుపెట్టగానే వినిపించే స్వాగతం పిలుపు, సాయంత్రం డబ్బాల్లో అన్నం సర్దే హడావుడి, రోజూ చూస్తున్నవే, ఆ పుస్తకం చదివాకే నిజంగా చూశాను. ఇదే పుస్తకం హైదరాబాద్‌లో చదివి ఉంటే వింత మనిషి కథగా మిగిలేది. ఊరు మారినవాళ్లు ఆ ఊరి కథల్ని ఆ ఊళ్లో ఉండగానే చదవాలి.

అయితే ఇలాంటి అనువాదాలన్నీ కొత్తవి దొరకవు. జపాన్ సాహిత్యాన్ని ఏళ్ల తరబడి ఇంగ్లీషులో అచ్చువేసిన కొదాన్‌షా ఇంటర్నేషనల్ 2011లో మూతపడింది. వాళ్లు వేసిన పుస్తకాల్లో చాలా వాటికి ఇప్పుడు పాత పుస్తకాల షాపులే గతి. ఆ షాపుల కోసం ఇంకో రెండు స్టేషన్లు ముందుకు పోవాలి.

కుదాన్‌షితలో దిగి యాసుకుని వీధి వెంట తూర్పుకు నడిస్తే పది నిమిషాల్లో జింబోచో వస్తుంది. మన రాయబార కార్యాలయం ఉన్నదీ ఈ స్టేషన్ దగ్గరే, కోట కందకం పక్కన. పాస్‌పోర్టు పనిమీద వచ్చినవాళ్లు చాలామంది ఇంత దగ్గరలో జింబోచో ఉందని తెలియక తిరిగి వెళ్లిపోతారు. నూట ముప్ఫై దాకా పాత పుస్తకాల షాపులు ఒకేచోట ఉన్న పేట అది. 1877లో టోక్యో విశ్వవిద్యాలయం ఏర్పడింది ఇక్కడికి దగ్గరలోనే. ఆ తర్వాత మెయిజి, చువో, నిహోన్, సెన్షు వంటి న్యాయ కళాశాలలు ఈ చుట్టుపక్కలే వెలిశాయి. చదువైపోయినవాళ్లు పుస్తకాలు అమ్ముకోవడం, కొత్తవాళ్లు కొనుక్కోవడం, అలా పేట పెరిగింది. 1923లో కాలి బూడిదైంది, మళ్లీ లేచింది. షాపులు ఎక్కువభాగం వీధికి దక్షిణం పక్కనే, ఉత్తరం ముఖం చేసుకుని ఉంటాయి. ఎండ నేరుగా పడితే పుస్తకం పాడవుతుందని. అక్టోబరు చివర్లో ఇక్కడ పాత పుస్తకాల పండగ చేస్తారు. 1960 నుంచి జరుగుతోంది. ఫుట్‌పాత్ పొడుగునా అరలు నిలబెట్టి, పైన కాగితం లాంతర్లు వేలాడదీస్తారు. ఆ వారం అక్కడ నడవడం కూడా కష్టం.

ఇంగ్లీషు పుస్తకాలకు కితజావా షోతెన్ పేరు ముందు చెప్పాలి. 1902లో మొదలైన షాపు. కింది అంతస్తులో పిల్లల బొమ్మల పుస్తకాల కఫే ఉంది. వంపు తిరిగిన మెట్లెక్కి పైకి వెళితే తోలు అట్టల పుస్తకాలు కప్పు దాకా. డికెన్స్, హార్డీ, కార్లైల్, రస్కిన్. షేక్‌స్పియర్ మీద ఎవరెవరో రాసిన వ్యాఖ్యానాలు. కొంతదూరంలో ఇస్సెయిదో అనే ఇంకో షాపు 1931లో కట్టిన భవనంలో ఉంది, దాని పై అంతస్తులోనూ పాశ్చాత్య పుస్తకాలే. ఇక్కడ కాసేపు తిరిగాక నాకో విషయం తట్టింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు అంటే సిడ్నీ షెల్డన్, అగాథా క్రిస్టీ, పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్, మెడిసిన్ పాఠ్యపుస్తకాలు. మనవాళ్లు ఇంగ్లీషును ఉద్యోగానికీ కాలక్షేపానికీ వాడుకున్నారు. జింబోచోలో ఇంగ్లీషు అంటే ప్రొఫెసర్ల ఇంటి లైబ్రరీలు. ఇక్కడివాళ్లు ఇంగ్లీషును ఒక శాస్త్రంలా కూర్చుని అధ్యయనం చేశారు. మాట్లాడాల్సిన అవసరం పెద్దగా రాలేదు, చదువు మాత్రం లోతుగా సాగింది. ఒక ఊళ్లో పాత ఇంగ్లీషు పుస్తకాల అర చూస్తే ఆ ఊరు ఆ భాషతో ఏం పని చేయించుకుందో తెలిసిపోతుంది. ఇప్పుడు ఏ దేశం వెళ్లినా నేను ముందు చూసేది అదే.

కితజావాలో మనసుకు కష్టం కలిగించేదీ ఒకటుంది. విశ్వవిద్యాలయాలు మునుపటిలా కొనడం లేదు. దాంతో షాపువాళ్లు అందమైన పాత పుస్తకాలను రంగుల వారీగా అలంకరణకు అమ్ముతున్నారు. హోటళ్లు, షోరూములు, సినిమా సెట్లు పట్టుకెళతాయి. ఎర్ర తోలు అట్టలు ఇన్ని, ఆకుపచ్చవి ఇన్ని అని. చదవని చోటికి పుస్తకం పోతోందంటే బాధే. అయినా నేను వాళ్లను తప్పుపట్టను. గుజ్జు మిల్లుకు పోవలసిన పుస్తకం ఏదో ఒక గోడ మీదైనా ఉంటే, ఎప్పుడో ఒక అతిథి చెయ్యి చాచి దాన్ని తెరవొచ్చు. ఆ అమ్మకంతో ఈ మెట్లు, ఈ అరలు మిగిలి ఉంటున్నాయి. షాపే మూతపడితే ఎవరికి లాభం?

పెద్ద షాపులకన్నా పక్క సందుల్లోని చిన్నవాటిలో నాకు ఎక్కువ దొరికాయి. అలాంటి ఒకదానిలో కెన్‌క్యూషా ప్రచురణ సంస్థ వేసిన ఇంగ్లీషు సాహిత్య సంపుటాలు కనిపించాయి. 1921 నుంచి 1932 దాకా నూరు సంపుటాలుగా వచ్చిన వరస. మూలం ఇంగ్లీషులో ఉంటుంది, పీఠికా, వెనక వివరణలూ జపనీస్‌లో. సంపాదకుల్లో ఒకరు ఒకాకురా యొషిసబురో. ‘ద బుక్ ఆఫ్ టీ’ని 1906లో ఇంగ్లీషులోనే రాసి, అంతకుముందు కలకత్తాలో టాగోర్ కుటుంబంతో గడిపి వెళ్లిన ఒకాకురా కకుజో తమ్ముడు. చేతికి తీసుకున్నది హార్డీ నవల. గుడ్డ అట్ట అంచులు నలిగాయి. లోపల పెన్సిల్‌తో, చీమ తలంత అక్షరాల్లో, ఎవరో ప్రతి పేజీ మార్జిన్‌లోనూ రాసుకున్నారు. ఒకచోట గొర్రెల కాపరి వాడే పనిముట్టుకు బొమ్మ కూడా గీసుకున్నారు. ఇంగ్లండ్ పల్లె ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి దాన్ని కళ్లకు కట్టించుకోవడానికి పడిన పాట్లు ఆ పేజీల్లో కనిపిస్తున్నాయి. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

షాపు పెద్దాయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఎక్కడినుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాను.

“మీ దేశంలో అందరికీ ఇంగ్లీషు వస్తుంది కదండీ. వివరణలున్న పుస్తకం మీకెందుకు?”

“ఆ వివరణల కోసమేనండీ. ఇంగ్లీషు తెలుసు కాబట్టి దాని సాయంతో మీ భాష నేర్చుకుందామని.”

ఆయన ముఖం విప్పారింది. వెంటనే తల అడ్డంగా ఊపాడు. “ఇది యుద్ధానికి ముందు రాత. అక్షరాలు వేరు, వాక్యం వేరు. మా మనవడే చదవలేడు. ఉండండి.” లోపలికి వెళ్లి అరచేతిలో పట్టే పుస్తకం ఒకటి తెచ్చాడు. కొదాన్‌షా ఇంగ్లీష్ లైబ్రరీ వరసలోది. జపాన్ విద్యార్థుల కోసం ఇంగ్లీషు పాఠం వేసి, చివర కష్టమైన మాటలకు పేజీలవారీగా జపనీస్ అర్థాలిచ్చే వరస అది. పుస్తకం ‘తొత్తొ చాన్’.

తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన ఆ పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా మనకు తెలిసినదే. పాత రైలు పెట్టెల్లో బడి నడిపిన కొబయాషి మాస్టారిని తెలుగు టీచర్లు ఎంతమంది తలుచుకుంటారో చెప్పలేను. తెలుగులో చదివి, కథ మొత్తం తెలిసిన పుస్తకం కాబట్టి ఇంగ్లీషు పేజీ చూస్తూ వెనక జపనీస్ అర్థం చూసుకుంటే ఒక్కో మాటా నాటుకుపోయింది. తరగతి పుస్తకాలతో రాని మాటలు దీంతో వచ్చాయి. జపాన్ వచ్చి భాష నేర్చుకుంటున్న మనవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. జపాన్‌వాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వేసుకున్న పుస్తకాలు మనకు జపనీస్ నేర్చుకోవడానికి పనికొస్తాయి. ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ జపనీస్ ఉండేవి కూడా ఉన్నాయి. పాతవి రెండు మూడు వందల యెన్‌లకే దొరుకుతాయి.

జింబోచోలో కూర, అన్నం పెట్టే హోటళ్లు ఎక్కువ. ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకోవచ్చు కాబట్టి ఈ పేటలో కర్రీ నిలిచిందని చెబుతారు. ‘బాండీ’ అనే చోట ముందు రెండు ఉడికిన ఆలుగడ్డలు, వెన్న ఇస్తారు. మన నోటికి తియ్యగా తగులుతుంది. కొన్న పుస్తకాలు బల్లమీద పెట్టుకుని తినే ఆ గంట మాత్రం నాకు చాలా ఇష్టం.

అదే లైనులో ఇంకాస్త పోతే వసెదా. ఇక్కడ నత్సుమె సోసెకి ఉన్న ఇంటిచోట షింజుకు వార్డు 2017లో ఒక మ్యూజియం తెరిచింది. ఆయన 1907 నుంచి, 1916లో చనిపోయేదాకా ఉన్నది అక్కడే. నాకు ఆయన మీద ఉన్న అభిమానం నవలల వల్లే కాదు. ప్రభుత్వం 1900లో ఆయన్ను ఇంగ్లీషు చదువుకోమని లండన్ పంపింది. వచ్చే భత్యం చాలీచాలనిది. కాలేజీ పాఠాలు కొద్దికాలానికే మానేసి, గది తలుపు వేసుకుని, మిగిలిన డబ్బంతా పుస్తకాల మీదే పెట్టాడు. ఒంటరితనంతో ఆరోగ్యం, మనసు రెండూ చెడిపోయాయి. 1903లో తిరిగొచ్చి, లాఫ్‌కాడియో హెర్న్ ఖాళీ చేసిన అధ్యాపక పదవిలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పాడు. పరాయి ఊళ్లో పుస్తకమే తోడుగా బతికినవాడి కథ చదివితే మనవాడే అనిపిస్తుంది.

ఆయన పుస్తకాలు సుమారు మూడు వేలు. యుద్ధకాలంలో శిష్యుడు కొమియా తొయొతకా చొరవతో అవి ఉత్తరాన సెందాయ్‌లోని తొహొకు విశ్వవిద్యాలయానికి చేరాయి. ఆ తర్వాత 1945 మే బాంబుదాడిలో ఇల్లు కాలిపోయింది. తరలించకపోయి ఉంటే, మార్జిన్లలో ఆయన రాసుకున్న మాటలతో సహా అన్నీ పోయేవి. మ్యూజియంలో తిరిగి కట్టిన చదువుగదిలో ఆ పుస్తకాల వీపులను అచ్చుగుద్దినట్టు తయారుచేసి అరల్లో పేర్చారు. తాడు కట్టిన గడప దగ్గర నిలబడి ఇంగ్లీషు పేర్లు చదువుకోవచ్చు.

అక్కడినుంచి నడిచి వెళ్లేంత దూరంలో వసెదా విశ్వవిద్యాలయం ఆవరణలో హరుకి మురకామి గ్రంథాలయం ఉంది. 2021లో తెరిచారు. కెంగో కుమా అనే వాస్తుశిల్పి పాత భవనాన్ని మార్చి కట్టి, చెక్క కమాను కింద మెట్ల వరసకు రెండువైపులా పుస్తకాలు పేర్చాడు. ప్రవేశం ఉచితం. మురకామి పుస్తకాలు లోకంలోని ఎన్నో భాషల్లో అక్కడ ఉన్నాయి, తీసి కూర్చుని చదువుకోవచ్చు. డబ్బు ఖర్చు లేకుండా సాయంత్రమంతా ఇంగ్లీషు పుస్తకం చదువుకోవాలనుకునే విద్యార్థులకు టోక్యోలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

షింజుకు తోజాయ్ లైను మీద లేదు, అయినా చెప్పకుండా వదలలేను. 1927లో తనాబె మొయిచి పెట్టిన కినొకునియా ఇక్కడిదే. విదేశీ పుస్తకాలకు తకాషిమయా టైమ్స్ స్క్వేర్ పక్క భవనం ఆరో అంతస్తుకు వెళ్లాలి. ఒకప్పుడు ఆ భవనంలో చాలా అంతస్తులు కినొకునియావే. 2016లో మిగతావి ఫర్నిచరు షాపుకు పోగా విదేశీ పుస్తకాల అంతస్తొక్కటే మిగిలింది. ఊళ్లో కొత్త ఇంగ్లీషు పుస్తకాలకు ఇదే పెద్ద దిక్కు. అదే 1927లో, అదే షింజుకులో నకమురయా హోటలు భారతీయ కర్రీ మొదలుపెట్టింది. నేర్పినవాడు రాస్ బిహారీ బోస్. బ్రిటిష్‌వాళ్ల నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన ఆ విప్లవకారుణ్ని దాచి కాపాడింది ఆ హోటలు యజమానులే, తర్వాత అల్లుణ్ని చేసుకున్నారు. పుస్తకాలకని షింజుకు వెళ్లినవాళ్లు ఆ గడప కూడా ఒకసారి తొక్కి రావాలి.

కొనడం సంగతి అలా ఉంచితే, వార్డు లైబ్రరీని మనవాళ్లు పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. రెసిడెన్స్ కార్డు చూపిస్తే అక్కడికక్కడే సభ్యత్వ కార్డు చేతిలో పెడతారు, పైసా తీసుకోరు. ఇంగ్లీషు అర చిన్నదే. కానీ వార్డులోని ఏ శాఖలో ఉన్న పుస్తకమైనా కోరితే మన దగ్గరి శాఖకు తెప్పించి పెడతారు. పిల్లల పుస్తకాలైతే ఇంకా ఎక్కువ. ఎడొగావాలోనే 2023 నవంబరులో ‘కికీస్ డెలివరీ సర్వీస్’ రచయిత్రి ఎయికో కదొనో పేరున పిల్లల సాహిత్య మ్యూజియం తెరిచారు. ఆవిడ పెరిగింది ఈ వార్డులోనే. లోపలంతా పండిన స్ట్రాబెర్రీ రంగు. నిషి కసాయ్ పిల్లల్ని ప్రతి సెలవుకీ డిస్నీలాండ్‌కు తిప్పేవాళ్లు ఒక పూట ఇటూ తీసుకురావచ్చు.

మా పేటలో ఇంకో లైబ్రరీ కూడా నడుస్తోంది, దానికి పేరూ బోర్డూ లేవు. ఇండియా నుంచి వచ్చే ప్రతివాళ్ల పెట్టెలో రెండు మూడు పుస్తకాలుంటాయి. భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికని వెనక అట్ట మీద అచ్చేసినవి. చేతులు మారి మారి ఆ అక్షరాలు అరిగిపోయాయి. పైఅంతస్తులో ఉండే గుంటూరమ్మాయి ఒకరోజు తలుపు తట్టింది.

“అక్కా, మా వాడు ఇంగ్లీషు బడికి వెళుతున్నాడు, ఇంట్లో చదవడానికి ఏమీ లేవు. పిల్లలవి ఏమైనా ఉన్నాయా?”

“రా అమ్మా, కూర్చో. ముందు వాణ్ని కూడా పిలు. వాడే ఏరుకోనీ.”

వాడు వచ్చి నేలమీద కూర్చుని అన్నీ కుప్పపోసి, మొదట బొమ్మలున్నవి, తర్వాత లావుగా ఉన్నది ఒకటి తీసుకున్నాడు. లావుది వాడి వయసుకు మించినదని వాళ్లమ్మ అంది. నేను అడ్డుచెప్పలేదు. ఆ లావు పుస్తకం ఇంతవరకు తిరిగి రాలేదు, అడగను కూడా.

టోక్యో విడిచి వెళ్లేవాళ్లను చూస్తే మాత్రం గుండె తరుక్కుపోతుంది. మూడేళ్లో అయిదేళ్లో ఉంటారు, బదిలీ వస్తుంది, విమానంలో పెట్టెకు 23 కిలోలే. పుస్తకాలు బరువు. పాత కాగితాల రోజున, చెత్త పెట్టే చోట, తాడుతో అడ్డంగా నిలువుగా కట్టిన పుస్తకాల కట్టలు నేను చూశాను. వాటిలో మన భాష పుస్తకం కూడా ఉంది. వెళ్లేవాళ్లకు నా మనవి ఒక్కటే. తాడు కట్టే ముందు పక్కింటివాళ్ల తలుపు తట్టండి. మన గ్రూపులో ఒక ఫొటో పెట్టండి, గంటలో ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళతారు. అదీ కాకపోతే తోజాయ్ ఎక్కి కుదాన్‌షితలో దిగి జింబోచోలో ఇచ్చి రండి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే లైబ్రరీ కార్డు తీసుకోండి, చదివిన పుస్తకం చదవనివాళ్లకు ఇవ్వండి.